పసిబిడ్డకు జలుబు చేస్తే ఇంట్లో ఏమి చేయాలి: ముక్కు శుభ్రం నుంచి శ్వాస లెక్క వరకు

జలుబు చేసిన పసిబిడ్డను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది మూసుకుపోయిన ముక్కు. మొదటి కొన్ని నెలలు పిల్లలు దాదాపు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. రొమ్ము పట్టగానే నోటి దారి కూడా మూసుకుపోతుంది. రెండు గుక్కలు తాగి, ఊపిరాడక వదిలేసి, ఆకలితో ఏడుస్తారు. ఏడుపుతో ముక్కు ఇంకా కారుతుంది, నిద్ర చెడుతుంది, మళ్లీ పాలవేళ వస్తుంది.

జలుబు వైరస్‌ను చంపే మందు లేదు. వారం పది రోజుల్లో అదే తగ్గుతుంది. అంతవరకు బిడ్డ పాలు తాగగలగాలి, నిద్రపోగలగాలి, శ్వాస తేలికగా తీసుకోగలగాలి. తల్లులు, అమ్మమ్మలు పదే పదే అడుగుతున్న ప్రశ్నలన్నీ చివరికి ఈ మూడింటి దగ్గరికే వస్తాయి కనుక, పనులన్నిటినీ పాలవేళల చుట్టూ పేర్చి ఇక్కడ ఇస్తున్నాను. ఇది ముఖ్యంగా ఏడాదిలోపు పిల్లల కోసం.

1. మొదట బిడ్డ వయసు చూసుకోండి

మిగతావన్నీ దీని తరువాతే.

రెండు నెలల లోపు బిడ్డకు జలుబు చేస్తే ఇంటి ఉపచారం మొదలుపెట్టినా, డాక్టరుకు ఒకసారి చూపించాలి. ఈ వయసులో మామూలు జలుబుకు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కు మధ్య తేడా ఇంట్లో కనిపెట్టడం కష్టం.

మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం ఉంటే ఆలోచించవలసిన పని లేదు. చంకలో పెట్టిన థర్మామీటరు 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ (37.5 సెల్సియస్) దాటితే, రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇంత చిన్న బిడ్డ ఒళ్లు మామూలుకంటే చల్లబడినా అంతే ప్రమాదం.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, గుండె లోపం ఉన్నవారు, పుట్టగానే ఆక్సిజన్ మీద ఉన్నవారు ఏ వయసులో ఉన్నా, మొదటి రోజే డాక్టరుతో మాట్లాడండి.

ఇవేవీ కాక, బిడ్డ మూడు నెలలు దాటి, పాలు కొంచెమైనా తాగుతూ, మధ్యమధ్యలో నవ్వుతూ ఉంటే, ఇంట్లో చూసుకోవచ్చు.

2. ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవలసినవి

అర్ధరాత్రి మందుల షాపు వెతుక్కోకుండా వీటిని ముందే తెచ్చిపెట్టుకోండి.

- సెలైన్ ముక్కు చుక్కలు. లేబుల్ మీద "సోడియం క్లోరైడ్ 0.65 శాతం" అని మాత్రమే ఉండాలి.
- చీమిడి లాగే రబ్బరు బల్బు, లేదా గొట్టం ఉన్న ఆస్పిరేటర్.
- డిజిటల్ థర్మామీటరు. చేయి నుదుటిపై పెట్టి చూసే జ్వరం లెక్కలోకి రాదు.
- ఉతికి ఆరబెట్టిన మెత్తటి నూలు గుడ్డలు, పాత పంచె ముక్కలైనా సరే.
- ఉగ్గుగిన్నె లేదా చిన్న చెంచా.
- పారాసెటమాల్, డాక్టరు చెప్పినదే. బిడ్డ తాజా బరువు ఒక కాగితం మీద రాసి సీసాకు అంటించండి.
- సెకన్లు చూపే గడియారం లేదా ఫోను.

చుక్కల సీసా కొనేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. "పిల్లల ముక్కు చుక్కలు" అని అడిగితే కొన్నిసార్లు ఆక్సీమెటాజోలిన్ లేదా జైలోమెటాజోలిన్ ఉన్న సీసా చేతికి వస్తుంది. ఇవి ముక్కులోని రక్తనాళాలను కుదించే మందులు. పసిబిడ్డకు డాక్టరు చెప్పకుండా వాడకూడదు. ఎక్కువైతే మత్తు, గుండె వేగం మందగించడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. డబ్బాలు ఒకేలా కనిపిస్తాయి కనుక షాపులోనే నిలబడి చదవండి.

ఉప్పునీళ్లు ఇంట్లో కాచుకోవచ్చు కదా అని చాలామంది అంటారు. ఉప్పు మోతాదు కొంచెం అటూ ఇటూ అయినా ముక్కు మండుతుంది, సీసా శుభ్రంగా లేకపోతే క్రిములు చేరతాయి. సెలైన్ చుక్కలు ఖరీదైనవి కావు, కొనుక్కోండి.

3. ముక్కు శుభ్రం చేసే క్రమం

ఈ ఒక్క పని సరిగా వస్తే బిడ్డ బాధ సగానికి పైగా తగ్గుతుంది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

సమయం: పాలు పట్టడానికి 10 నుంచి 15 నిమిషాల ముందు, పడుకోబెట్టే ముందు. కడుపు నిండాక ఎప్పుడూ వద్దు, తాగిన పాలన్నీ కక్కేస్తుంది.

క్రమం:

ఒకటి. చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసాను కాసేపు అరచేతుల మధ్య పట్టుకుంటే చల్లదనం పోతుంది. చల్లటి చుక్క పడితే బిడ్డ ఉలిక్కిపడుతుంది, తరువాత సీసా చూస్తేనే ఏడుస్తుంది.

రెండు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద సన్నగా మడిచిన తువ్వాలు పెట్టండి. తల కొంచెం వెనక్కి వాలితే చాలు. ఇంట్లో ఇంకొకరు ఉంటే చేతులు పట్టుకోమనండి. ఒంటరిగా ఉంటే బిడ్డ చేతులు లోపలికి పెట్టి గుడ్డతో చుట్టండి.

మూడు. ఒక్కో రంధ్రంలో 2 లేదా 3 చుక్కలు వేయండి. సీసా మొన ముక్కుకు తగలకూడదు.

నాలుగు. ఒక నిమిషం ఆగండి. అందరూ తొందరపడేది ఇక్కడే. గట్టిపడిన చీమిడి కరగడానికి ఆ నిమిషం కావాలి.

ఐదు. బిడ్డను ఎత్తి భుజాన వేసుకోండి. తుమ్ము వస్తే మంచిదే. బయటికి వచ్చినదాన్ని గుడ్డతో అద్ది తీయండి. చాలాసార్లు పని ఇక్కడితోనే అయిపోతుంది, బల్బు అవసరమే రాదు.

ఆరు. ఇంకా గురగురమంటూ ఉంటే బల్బు తీసుకోండి. ముందు బయటే గట్టిగా నొక్కి గాలి తీసేయండి. అలా నొక్కిపట్టే ఉంచి, మొనను రంధ్రం అంచున పెట్టి, మెల్లగా వదలండి. లోపల పెట్టాక నొక్కితే చీమిడి ఇంకా వెనక్కి వెళుతుంది.

ఏడు. బల్బును గుడ్డ మీద పిండి, రెండో వైపు చేయండి.

ఎనిమిది. వేడి సబ్బునీళ్లు బల్బులోకి పీల్చి వదిలి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, మొన కిందికి ఉండేలా ఆరబెట్టండి. తడి బల్బులో బూజు పడుతుంది.

బల్బుతో లాగడం రోజుకు నాలుగు సార్లు మించవద్దు. ఎక్కువసార్లు లాగితే ముక్కు లోపలి పొర వాచి, ఇంకా మూసుకుపోతుంది. ఒట్టి సెలైన్ చుక్కలు మాత్రం ప్రతి పాలవేళకు ముందు వేయవచ్చు.

ఇక్కడ ఎదురయ్యే చిక్కులు:

ముక్కులో ఎండిన పొక్కు కడితే: చుక్కలు వేసి, గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డ అంచుతో బయటి భాగం మాత్రం మెత్తబరచండి. ఇయర్‌బడ్‌లు, దూది చుట్టిన పుల్లలు, గోరు లోపలికి పెట్టకండి.

రక్తపు చార కనిపిస్తే: ఆ రోజుకు బల్బు పక్కన పెట్టండి. చుక్కలు చాలు. రక్తం కారుతూనే ఉంటే డాక్టరుకు చూపించండి.

ముక్కు కింద చర్మం ఎర్రబడితే: రుద్ది తుడవడం ఆపి, అద్దడం మొదలుపెట్టండి. పెట్రోలియం జెల్లీ పలుచగా బయట రాయండి, రంధ్రాల్లోకి వెళ్లకుండా.

పెద్దవాళ్లు నోటితో బిడ్డ ముక్కులో ఊదడం, స్నానం చేయించేటప్పుడు నోటితో పీల్చడం మన ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి ఆపించండి. పెద్దల నోట్లోని క్రిములు నేరుగా బిడ్డ ముక్కులోకి వెళతాయి. స్నానం చేయించే పెద్దావిడకు చెప్పడం మొహమాటంగా ఉంటే, "డాక్టరుగారు వద్దన్నారు అత్తయ్యా" అనండి. ఏ డాక్టరును అడిగినా అదే అంటారు.

4. పాలు: తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు

ముక్కు శుభ్రమయ్యాక పాలు. ఒకేసారి కడుపు నింపాలని చూడకండి. మామూలుగా తాగే దానిలో సగం తాగి వదిలేస్తే, గంట గంటన్నరకు మళ్లీ పట్టండి. తల ఎత్తుగా ఉండేలా కొంచెం నిటారుగా పట్టుకుంటే ఊపిరి తీసుకుంటూ తాగడం తేలిక. మధ్యలో వదిలితే బలవంతంగా నోట్లో పెట్టకుండా, భుజాన వేసుకుని వీపు నిమిరి, మళ్లీ ఇవ్వండి.

రొమ్ము పట్టలేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో, బిడ్డను కూర్చోబెట్టినట్టు పట్టుకుని, చెంప పక్కనుంచి కొద్దికొద్దిగా పోయండి. పడుకోబెట్టి, ముక్కు మూసి పోయడం చాలా ప్రమాదం. పాలు ఊపిరితిత్తుల్లోకి వెళతాయి.

ఆరు నెలల లోపు: తల్లిపాలు, లేదా అలవాటైన డబ్బాపాలు. అంతే. మంచినీళ్లు, గ్లూకోజు నీళ్లు, గ్రైప్ వాటర్, వాము నీళ్లు వద్దు. ఎండాకాలంలోనైనా తల్లిపాలలో ఉన్న నీరు సరిపోతుంది.

ఆరు నెలలు దాటితే: పాలతో పాటు గోరువెచ్చని నీళ్లు చెంచాలతో ఇవ్వవచ్చు. పలుచటి రాగి జావ, పప్పుకట్టు, కారం లేని మెత్తటి చారన్నం తేలికగా దిగుతాయి. రెండు మూడు రోజులు ఘనాహారం తినకపోయినా కంగారు పడకండి, పాలు తాగుతుంటే చాలు. ఇదివరకే తింటున్న అరటిపండు, పెరుగన్నం ఆపనక్కరలేదు. అయితే ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టకండి.

పాలు కఫం పెంచుతాయని పాలు ఆపేసే ఇళ్లు ఉన్నాయి. జలుబులో బిడ్డకు చేయగల పెద్ద అన్యాయం అదే. తల్లి తలస్నానం చేసినందుకో, పెరుగు తిన్నందుకో పాల ద్వారా జలుబు వచ్చిందన్న మాటలో కూడా నిజం లేదు. జలుబు వైరస్ వల్ల, ఇంట్లో దగ్గేవారి నుంచో తాకినవారి నుంచో వస్తుంది. బాలింతను పస్తులుంచితే నీరసపడేది ఆమె, తిప్పలు పడేది బిడ్డ.

తల్లికే జలుబు ఉంటే? పాలు మానవద్దు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పట్టండి. ఆమె శరీరంలో తయారయ్యే రక్షక పదార్థాలు పాల ద్వారా బిడ్డకు అందుతాయి.

పాలు చాలుతున్నాయా లేదా అన్నది మూత్రం చెబుతుంది. రోజుకు కనీసం ఆరుసార్లు గుడ్డలు తడవాలి. డైపరు వాడేవారు జలుబు ఉన్నన్నాళ్లు ఎన్నిసార్లు మార్చారో, ఎంత బరువుగా ఉందో గమనించండి.

5. రాత్రి: పడుకోబెట్టడం ఎలా

తల కింద దిండు పెడితే ఊపిరి ఆడుతుందని పెద్దలు నమ్ముతారు. పసిబిడ్డకు మెడ పట్టు తక్కువ. దిండు మీద పెట్టిన తల ముందుకు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, శ్వాసనాళం ఇరుకవుతుంది. చీర ఉయ్యాలలోనూ ఇదే జరుగుతుంది, గుడ్డ లోపలికి కుంగి బిడ్డ ముడుచుకుపోతుంది కనుక. జలుబు తగ్గేవరకు ఉయ్యాలలో నిద్రపోనివ్వకండి.

సరైన పద్ధతి: చదునైన, గట్టి పరుపు మీద వెల్లకిలా. దిండ్లు, బొమ్మలు, బరువైన దుప్పట్లు పక్కన ఉండకూడదు. బోర్లా పడుకోబెడితే కఫం కారిపోతుందన్నది పొరపాటు. బోర్లా నిద్రకూ, పసిపిల్లల ఆకస్మిక మరణాలకూ సంబంధం ఉందని వైద్యలోకం ఏనాడో తేల్చింది.

మరి ఎత్తుగా ఉంచడం వల్ల మేలు లేదా? ఉంది, బిడ్డ మేలుకుని ఉన్నప్పుడు. భుజాన వేసుకుని గదిలో నెమ్మదిగా తిరగండి. మీ ఛాతీ వెచ్చదనం, నడక లయ, మీ గొంతు వింటూ చాలామంది పిల్లలు ఊరుకుంటారు. అది కూడా చికిత్సే. నిద్ర పట్టాక పరుపు మీద చదునుగా పడుకోబెట్టండి. ఎత్తుకున్నవారికి కునుకు వస్తుంటే బిడ్డను ఇంకొకరికి అందించాలి. సోఫాలో, కుర్చీలో బిడ్డతో పాటు నిద్రపోవడం ప్రమాదకరం.

రాత్రి పనులను ఇలా అమర్చుకోండి:

- పడుకునే ముందు: చుక్కలు, అవసరమైతే బల్బు.
- 10 నిమిషాలు భుజాన.
- పాలు, తేన్పు.
- తేన్పు వచ్చాక మరికాసేపు నిటారుగా, తరువాత పరుపు మీద వెల్లకిలా.
- రాత్రి లేచినప్పుడు: చుక్కలు, కాసేపు భుజాన, పాలు. బల్బు తప్పదనుకుంటేనే. దీపం మసకగా ఉంచండి.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు పెద్దలుంటే రాత్రిని పంచుకోండి. పాలిచ్చే తల్లికి వరుసగా నాలుగు గంటల నిద్ర దొరికితే మరుసటి రోజు మొత్తం మారిపోతుంది. చుక్కలు వేయడం, భుజాన మోయడం నాన్నకూ తాతయ్యకూ చక్కగా వస్తుంది.

6. గది, బట్టలు, స్నానం

పొగ ఒక్కటి పూర్తిగా ఆపండి. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట, సిగరెట్టు, కట్టెల పొయ్యి, ఏదైనా సరే. అప్పటికే వాచిన శ్వాసమార్గానికి పొగ తగిలితే దగ్గు పెరుగుతుంది. దోమలకు దోమతెర వాడండి. తలారబెట్టడానికి మెత్తటి తువ్వాలు చాలు.

ఏసీ వేసుకోవచ్చు, 26 డిగ్రీల దగ్గర, గాలి నేరుగా బిడ్డ మీదికి రాకుండా. ఫ్యానుకూ అదే మాట. తేమ కోసం హ్యుమిడిఫయర్ ఉంటే చల్లటి ఆవిరి వచ్చే రకం వాడి, నీళ్లు రోజూ మార్చి కడగండి.

మీరు వేసుకున్న దానికంటే ఒక పొర ఎక్కువ, అంతే. స్వెటరు మీద స్వెటరు, దానిపై మంకీ క్యాపు వేసి పడుకోబెడితే ఒళ్లు వేడెక్కి జ్వరమా కాదా తెలియదు. మెడ వెనక చేయి పెట్టి చూడండి. చెమటగా ఉంటే ఒక పొర తీయండి. నిద్రలో టోపీ వద్దు.

స్నానం నిషేధం కాదు. జ్వరం లేకపోతే గోరువెచ్చని నీళ్లతో త్వరగా చేయించి వెంటనే తుడవండి. ఓపిక లేకుండా ఉంటే తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే సరి. నలుగు, గంటసేపు మర్దనా ఒక వారం ఆగవచ్చు.

7. జ్వరం వస్తే: పారాసెటమాల్ లెక్క

మూడు నెలలు దాటిన బిడ్డకు జలుబుతో కొద్దిపాటి జ్వరం మామూలే. 100.4 డిగ్రీలు దాటి, బిడ్డ చికాకుగా, పాలు తాగకుండా ఉంటే పారాసెటమాల్ ఇవ్వవచ్చు. థర్మామీటరులో అంకె ఉన్నా బిడ్డ హాయిగా ఆడుకుంటుంటే మందు తొందర లేదు.

మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి ఉంటుంది. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. రెండు మోతాదుల మధ్య కనీసం ఆరు గంటలు ఉంచితే మంచిది. 24 గంటల్లో నాలుగుసార్లకు మించకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. మన మందుల షాపుల్లో పారాసెటమాల్ వేర్వేరు బలాల్లో దొరుకుతుంది. డ్రాప్స్ సీసాలో సాధారణంగా 1 మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కు 125 మి.గ్రా., కొన్నిటిలో 250 మి.గ్రా.

ఆరు కిలోల బిడ్డను తీసుకుందాం. కావలసింది 60 నుంచి 90 మి.గ్రా. డ్రాప్స్ అయితే 0.6 నుంచి 0.9 మి.లీ. 125 బలం సిరప్ అయితే 2.4 నుంచి 3.6 మి.లీ. సిరప్ అనుకుని డ్రాప్స్ 3 మి.లీ. పోస్తే బిడ్డకు 300 మి.గ్రా. వెళుతుంది, అంటే మూడు రెట్లకు పైగా. ఇలాంటి పొరపాట్లు వరుసగా జరిగితే కాలేయం దెబ్బతింటుంది. అందుకే సీసాతో వచ్చిన డ్రాపరుతోనే కొలవండి, వంటింటి చెంచాతో కాదు. ఇచ్చిన ప్రతిసారీ సమయం రాసిపెట్టండి. తల్లి ఒకసారి, తెలియక నాయనమ్మ ఇంకోసారి ఇచ్చే ప్రమాదం అలా తప్పుతుంది.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి ఇక్కడినుంచి మందులు తీసుకువెళ్లే అమ్మమ్మలు ఇది గుర్తుంచుకోవాలి. అమెరికాలో ఇదే మందును అసిటమినోఫెన్ అంటారు, అక్కడి సిరప్‌లో 5 మి.లీ.కు 160 మి.గ్రా. ఉంటుంది. పేర్లు వేరని రెండూ కలిపి ఇస్తే మోతాదు రెట్టింపవుతుంది.

యాస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. ఇబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ డాక్టరు రాస్తేనే.

8. జలుబు సిరప్‌లు వద్దు

ఈ మాట గట్టిగా చెప్పాలి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గు సిరప్ తాగి చిన్నపిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయారు. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన సూచన స్పష్టంగా ఉంది: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు. ఐదేళ్లలోపు వారికి కూడా సాధారణంగా సిఫారసు చేయరు. అంతకు ముందే, 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది.

కల్తీ లేని సిరప్ అయినా పసిబిడ్డ జలుబును ఒక్క రోజు కూడా తగ్గించదు. మగతగా పడుకోబెడుతుంది, దాన్నే మనం తగ్గిందని అనుకుంటాం.

యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. చీమిడి పసుపుగా, ఆకుపచ్చగా మారడం జలుబు సహజ క్రమమే, దాన్ని చూసి మందు మొదలుపెట్టనక్కరలేదు. జలుబుకు ఇంజెక్షన్ అవసరం లేదు. కిందటిసారి మిగిలిన నెబ్యులైజర్ మందు, పక్కింటి బాబుకు రాసిన చీటీ మీ బిడ్డకు పనికిరావు.

9. ఇంటి వైద్యాల్లో వదిలేయవలసినవి

ప్రేమతోనే చేస్తారు, అందుకే వద్దనడం కష్టం. కారణం కూడా చెబితే పెద్దలు వింటారు.

తేనె: ఏడాది నిండేవరకు ఒక్క చుక్క కూడా వద్దు. వసతో రంగరించినా, తులసి రసంలో కలిపినా సరే. తేనెలో ఉండే ఒక రకం క్రిమి బీజాలు పసిపేగుల్లో విషం తయారుచేసి, కండరాలు వాలిపోయేలా చేస్తాయి. దీన్ని బొటులిజం అంటారు. ఏడాది దాటిన పిల్లలకు రాత్రి దగ్గుకు అర చెంచా తేనె ఇవ్వవచ్చు.

కర్పూరం: కొబ్బరినూనెలో కరిగించి ఛాతీకి రాయడం, ముక్కు దగ్గర వాసన చూపించడం, గుడ్డలో కట్టి మెడలో వేయడం. కర్పూరం చర్మం గుండా కూడా లోపలికి వెళుతుంది. పొరపాటున కొంచెం మింగినా మూర్ఛ రావచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు వాడకండి.

ముక్కులో, చెవిలో నూనె: ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి ఒక రకమైన న్యుమోనియా తెస్తుంది. చెవిలో నూనె వల్ల జలుబుకు లాభం లేదు.

ఆవిరి పట్టడం: పసుపు వేసి మరిగించిన గిన్నె ముందు బిడ్డను పట్టుకోకండి. ఒక్కసారి కాలు తగిలితే చాలు, ఒళ్లు కాలుతుంది.

బ్రాందీ: ఛాతీకి రాయడం, చెంచాతో తాగించడం రెండూ వద్దు. పసిబిడ్డ రక్తంలో చక్కెర పడిపోతుంది.

తమలపాకు వేడిచేసి ఛాతీ మీద వేయడం: పసిచర్మం పలుచన. మన చేతికి వెచ్చగా ఉన్నది బిడ్డకు కాలుతుంది.

వాము మూట: బిడ్డకు అందకుండా దూరంగా పెడితే హాని లేదు. దానివల్ల ముక్కు తెరుచుకుంటుందని మాత్రం ఆశపడి సెలైన్ మానకండి.

10. శ్వాస లెక్కపెట్టడం

ఇది ప్రతి ఇంట్లో ఒకరికైనా రావలసిన విద్య. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు నేర్పేది ఇదే పద్ధతి.

బిడ్డ నిద్రలోనో, ప్రశాంతంగానో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తండి. పొట్ట పైకి లేచి దిగితే ఒకటి. గడియారం చూస్తూ పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. పసిపిల్లల శ్వాస ఒక్కోసారి వేగంగా, ఒక్కోసారి నెమ్మదిగా ఉంటుంది కనుక 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పుతుంది. ఏడుస్తున్నప్పుడు లెక్కపెట్టవద్దు.

నిమిషానికి ఇంతకు చేరితే వేగంగా ఉన్నట్టు:

- రెండు నెలల లోపు: 60 లేదా ఎక్కువ
- రెండు నెలల నుంచి ఏడాది లోపు: 50 లేదా ఎక్కువ
- ఏడాది నుంచి ఐదేళ్ల లోపు: 40 లేదా ఎక్కువ

ఎక్కువ వస్తే ముక్కు శుభ్రం చేసి, బిడ్డ ఊరుకున్నాక మళ్లీ లెక్కపెట్టండి. మళ్లీ అంతే వస్తే ఆ పూటే డాక్టరు దగ్గరికి.

అంకెతో పాటు ఛాతీ చూడండి. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతుంటే, దాన్నే మన ఊళ్లలో పక్కలు ఎగరేయడం అంటారు, వేగం ఎంత ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి.

వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయండి, లేదా ఉన్న బండిలో బయలుదేరండి:

- పక్కలు ఎగరేయడం, ప్రతి శ్వాసకు మూలుగు, ముక్కుపుటాలు విచ్చుకోవడం
- పెదవులు, నాలుక నీలంగా మారడం
- శ్వాస 15 సెకన్ల పాటు ఆగిపోవడం
- పాలు అసలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం
- లేపినా లేవని మగత, మూర్ఛ

వీటికి అదే రోజు చూపించాలి:

- మామూలులో సగం కూడా పాలు తాగకపోవడం
- ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, మాడు గుంటపడడం, నోరు ఎండిపోవడం
- పిల్లికూతలు
- చెవి పట్టుకు లాగుతూ, పడుకోబెడితే ఎక్కువగా ఏడవడం
- మూడు రోజులు దాటిన జ్వరం, లేదా తగ్గి మళ్లీ వచ్చిన జ్వరం

11. ఏ రోజున ఏమి ఆశించాలి

మొదటి రోజు తుమ్ములు, నీళ్లలాంటి చీమిడి. రెండు మూడు రోజుల్లో చీమిడి చిక్కబడుతుంది, పాలు తగ్గుతాయి. ఎక్కువ ఓపిక కావలసిన రాత్రులు ఇవే. నాలుగైదు రోజులకు మెల్లగా తేలికపడాలి. మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య తగ్గకపోగా శ్వాస వేగం పెరుగుతుంటే, ఆర్ఎస్‌వీ వంటి వైరస్ చిన్న శ్వాసనాళాల్లోకి దిగి ఉండవచ్చు. బ్రాంకియోలైటిస్ అనే ఈ జబ్బు ఏడాదిలోపు పిల్లల్లోనే ఎక్కువ. కనుక ఈ రోజుల్లో శ్వాసను పొద్దున, సాయంత్రం లెక్కపెట్టండి.

పది రోజులకు ముక్కు సర్దుకుంటుంది. దగ్గు రెండు మూడు వారాలు ఉండవచ్చు. మధ్యలో టీకా రోజు వస్తే, జ్వరం లేని జలుబు టీకాకు అడ్డం కాదు. తీసుకువెళ్లి ఏఎన్ఎంకు చెప్పండి.

12. ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే

బయలుదేరే ముందు రెండు నిమిషాలు చాలు. తల్లీబిడ్డల రక్షణ కార్డు, వాడిన మందుల సీసాలన్నీ, రెండు జతల గుడ్డలు సంచిలో వేయండి. ఒక కాగితం మీద ఇవి రాయండి:

- జలుబు మొదలైన రోజు
- చివరిసారి పాలు తాగిన సమయం, ఎంత
- 24 గంటల్లో మూత్రం ఎన్నిసార్లు
- థర్మామీటరు అంకె, చూసిన సమయం
- నిమిషానికి శ్వాస ఎంత
- ఇచ్చిన మందు, మోతాదు, సమయం. ఇంటి వైద్యం ఏదైనా చేసి ఉంటే అది కూడా, దాచకుండా

దారిలో బిడ్డను నిటారుగా, ముఖం కనిపించేలా పట్టుకోండి. నెలలోపు పసికందైతే తల్లి ఛాతీకి ఆనించి, పైన చీర కొంగో దుప్పటో కప్పి, ముక్కూ నోరూ బయటికి ఉంచండి. తాగగలిగితే దారిలోనూ కొద్దికొద్దిగా పాలు పట్టవచ్చు. శ్వాస చాలా వేగంగా ఉంటే, మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకండి.